రేణిగుంటలో దిగి కాణిపాకానికి: కారు మాట్లాడుకునే ముందు తెలుసుకోవలసినవి

బాడుగ ఒక్కటే అడిగితే చాలదు.. బోర్డు రంగు, లెక్క కట్టే తీరు కూడా చూడాలి

కాణిపాకం: విమానం రేణిగుంటలో దిగింది. వృద్ధులైన తల్లిదండ్రులు, ఇద్దరు పిల్లలు, నాలుగు పెట్టెలు. బయటకు రాగానే ఒక డ్రైవరు ఎదురొచ్చి కాణిపాకానికి ఇంత అని చెప్పాడు. సరేనని అందరూ ఎక్కారు. తీరా గుడి వద్ద దిగాక అడిగిన మొత్తం వేరు. టోలు వేరు, పార్కింగు వేరు, బత్తా వేరు, ఖాళీగా తిరిగి వెళ్లాలి కనుక దానికి మరికొంత. దర్శనానికి వచ్చినవారు వాగ్వాదంతో మొదలుపెట్టవలసి వచ్చింది.

ఇలాంటి దృశ్యాలు ఇక్కడి పార్కింగు స్థలాల్లో కొత్త కాదు. సత్యప్రమాణాలకు పేరుపడిన స్వామి ఎదుటే ఎవరి మాట నిజమో తేలక యాత్రికుడు, డ్రైవరు ఇద్దరూ మనసు కష్టపెట్టుకొని విడిపోతుంటారు. విచారిస్తే చాలా సందర్భాల్లో ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడి ఉండరు. మాట్లాడుకోవలసినది పూర్తిగా మాట్లాడుకోకపోవడమే తగవుకు మూలం. డబ్బు తగవు నాలుగు మాటలతో ముగుస్తుంది. అనుమతి లేని కారు ఎక్కి దారిలో ప్రమాదానికి గురైతే మాత్రం ఆ కష్టం ఏళ్ల తరబడి వెంటాడుతుంది. అందుకే దూరప్రాంతాల నుంచి వచ్చే బంధువులకు కారు మాట్లాడిపెట్టే జిల్లా వాసులు సైతం కొన్ని విషయాలు తెలుసుకోవడం అవసరం.

దూరమెంత? దారి ఏది?

తిరుపతి విమానాశ్రయం నగరానికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలో రేణిగుంట వద్ద ఉంది. ఇక్కడి కొత్త టెర్మినల్‌ను 2015 అక్టోబరు 22న ప్రధానమంత్రి ప్రారంభించారు. అక్కడి నుంచి తిరుపతి శివార్లు దాటి, చంద్రగిరి, గాదంకి, పూతలపట్టు మీదుగా కాణిపాకం చేరాలి. మొత్తం దూరం 80 నుంచి 85 కిలోమీటర్ల వరకు ఉంటుంది. రద్దీని బట్టి గంటన్నర నుంచి రెండు గంటలు పడుతుంది. తిరుపతి నుంచి పూతలపట్టు వరకు 140వ నంబరు జాతీయ రహదారి. ఈ దారిలో గాదంకి వద్ద టోల్‌ప్లాజా ఉంది.

చెన్నై, బెంగళూరు విమానాశ్రయాల నుంచి నేరుగా కాణిపాకం వచ్చేవారూ ఉన్నారు. రెండింటి నుంచీ దూరం 150 కిలోమీటర్లకు పైమాటే. విదేశాల నుంచి వచ్చేవారు ఎక్కువగా ఈ రెండు చోట్లే దిగుతారు. రాత్రంతా విమానంలో నిద్రలేక వచ్చినవారు, అర్ధరాత్రి వరకు కాచుకొని కూర్చున్న డ్రైవరు.. ఈ రెండూ కలిసిన ప్రయాణంలో మరింత జాగ్రత్త అవసరం. బెంగళూరు దారిలో పలమనేరు దాటాక వచ్చే మొగిలి ఘాట్‌ ప్రమాదాలకు పేరుపడింది. 2024 సెప్టెంబరులో ఆర్టీసీ బస్సు, లారీలు ఢీకొని పలువురు ప్రాణాలు కోల్పోయింది అక్కడే.

మరో విషయం గుర్తుంచుకోవాలి. 2022 ఏప్రిల్‌ 4న జిల్లాల పునర్విభజన జరిగాక రేణిగుంట తిరుపతి జిల్లాలోకి వెళ్లింది. కాణిపాకం చిత్తూరు జిల్లాలోనే ఉండిపోయింది. అంటే ఈ చిన్న ప్రయాణంలోనే రెండు జిల్లాల పోలీసు, రవాణా అధికారుల పరిధులు దాటవలసి ఉంటుంది.

బాడుగలో మూడు పద్ధతులు

కారు బాడుగను ముఖ్యంగా మూడు విధాలుగా లెక్కిస్తారు. మొదటిది ‘డ్రాప్‌’. విమానాశ్రయం నుంచి కాణిపాకం వరకు దించి వెళ్లడానికి ఒకే మొత్తం. రెండవది రానూపోనూ బాడుగ. తీసుకెళ్లి, దర్శనం అయ్యేవరకు ఆగి, తిరిగి తీసుకొస్తారు. మూడవది రోజు బాడుగ. కాణిపాకంతో పాటు అరగొండ అర్ధగిరి ఆంజనేయస్వామి ఆలయం, వేలూరు సమీపంలోని శ్రీపురం స్వర్ణదేవాలయం వంటివి కలిపి చూసేవారు దీనిని ఎంచుకుంటారు.

డ్రాప్‌ అంటే ఒకవైపు బాడుగే కదా అని ప్రయాణికులు భావిస్తారు. కానీ కాణిపాకం నుంచి రేణిగుంటకు వెంటనే తిరుగు బాడుగ దొరకడం అరుదు. ఇక్కడికి వచ్చేవారిలో చాలామంది తమ వాహనంలోనో, బస్సులోనో వచ్చి అలాగే వెళతారు. అందువల్ల ఖాళీగా వెళ్లే దూరాన్ని కూడా యజమాని బాడుగలోనే కలుపుకొంటారు. ఇది మోసం కాదు, వ్యాపారపు లెక్క. అయితే ఆ సంగతి కారు ఎక్కకముందే చెప్పాలి. దిగాక చెబితేనే తగవు.

తక్కువ రేటు చౌక కాకపోవచ్చు

కిలోమీటరుకు ఎంత అని మాత్రమే అడిగి సరిపెట్టుకోవడం ప్రయాణికులు చేసే మొదటి పొరపాటు. ‘రోజుకు కనీసం ఇన్ని కిలోమీటర్లు’ అనే షరతు చాలా బాడుగల్లో ఉంటుంది. 250 లేదా 300 కిలోమీటర్లు అని చెప్పడం మామూలు. వాహనం అంతకన్నా తక్కువ తిరిగినా ఆ కనీస దూరానికి డబ్బు చెల్లించాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. రేణిగుంట నుంచి కాణిపాకానికి రానూపోనూ 170 కిలోమీటర్లు అనుకొందాం. ఒక యజమాని కిలోమీటరుకు 15 రూపాయల చొప్పున, తిరిగిన దూరానికే తీసుకొంటానన్నాడు. బాడుగ 2,550 రూపాయలు. మరొకరు కిలోమీటరుకు 12 రూపాయలే అన్నారు, కానీ కనీస దూరం 300 కిలోమీటర్లు. ఆ లెక్కన 3,600 రూపాయలు. రేటు తక్కువగా కనిపించినదే వెయ్యి రూపాయలకు పైగా ఎక్కువ పడింది. ఇవి లెక్క అర్థమయ్యేందుకు వేసుకొన్న అంకెలే తప్ప నేటి ధరలు కావు. ధరలు కారును బట్టి, కాలాన్ని బట్టి మారుతుంటాయి.

దూరాన్ని ఎక్కడి నుంచి లెక్కిస్తారన్నది రెండో ప్రశ్న. ప్రయాణికుడు ఎక్కిన చోటు నుంచి దిగిన చోటు వరకు లెక్కించడం ఒక పద్ధతి. కారు షెడ్డు నుంచి బయలుదేరి తిరిగి షెడ్డుకు చేరేవరకు లెక్కించడం మరొకటి. షెడ్డు తిరుపతిలో ఉంటే రేణిగుంట వరకు వచ్చిన దూరం కూడా బిల్లులో చేరుతుంది. ఏ పద్ధతి అయినా ఎక్కగానే, దిగేటప్పుడు మీటరు అంకెను ఫోనుతో ఫొటో తీసుకోవడం మంచిది.

మూడోది ‘రోజు’ అంటే ఏమిటన్నది. కొందరు 24 గంటలను ఒక రోజుగా లెక్కిస్తారు. మరికొందరు అర్ధరాత్రి 12 దాటితే కొత్త రోజు అంటారు. రాత్రి 8 గంటలకు విమానం దిగి కాణిపాకంలో బస చేసి, మరునాడు ఉదయం 10 గంటలకు తిరిగి వెళ్లినవారికి రెండో పద్ధతిలో రెండు రోజుల బాడుగ, రెండు బత్తాలు పడతాయి. నిజానికి గడిచింది 14 గంటలే. ఇలాంటి ప్రయాణాలకు రెండు డ్రాప్‌లుగా మాట్లాడుకోవడమే లాభం.

టోలు విషయంలోనూ స్పష్టత ఉండాలి. 24 గంటల లోపు తిరిగి వస్తే రెండువైపులా కలిపి ఒకవైపు రుసుముకు ఒకటిన్నర రెట్లు మాత్రమే చెల్లించే వెసులుబాటు జాతీయ రహదారులపై ఉంది. 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్‌ తప్పనిసరి అయింది. అది లేకపోయినా, పనిచేయకపోయినా మామూలు రుసుము కన్నా ఎక్కువ చెల్లించాలి. డ్రైవరు ఫాస్టాగ్‌లో డబ్బు లేకపోవడం వల్ల పడిన అదనపు భారం ప్రయాణికుడిది కాదు. ఈ మాట ముందే చెప్పుకోవడం ఉత్తమం.

తెల్లబోర్డు కారు ఎందుకు వద్దు?

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. బాడుగకు తిరిగే కారుకు పసుపు రంగు పలకపై నల్ల అక్షరాలతో నంబరు ఉంటుంది. సొంత వాహనాలకు తెల్ల పలకపై నల్ల అక్షరాలు. విద్యుత్తు కార్లకు పలక ఆకుపచ్చగా ఉంటుంది. అందులో అక్షరాలు పసుపు రంగులో ఉంటేనే అది బాడుగ కారు, తెల్లగా ఉంటే సొంత కారు. నల్ల పలకపై పసుపు అక్షరాలు ఉన్నవి డ్రైవరు లేకుండా మనమే నడుపుకొనేందుకు అద్దెకిచ్చేవి.

తెల్లబోర్డు కార్లను బాడుగకు తిప్పడం చాలాచోట్ల మామూలైపోయింది. పన్నులు, పర్మిట్‌ ఖర్చులు లేనందున రెండు మూడు వందలు తక్కువ అడుగుతారు. ‘తెలిసినవాళ్ల కారే’ అన్న భరోసా కూడా ఉంటుంది. కానీ మోటారు వాహనాల చట్టం 1988 ప్రకారం పర్మిట్‌ లేకుండా వాహనాన్ని బాడుగకు నడపరాదు. 2019లో చట్టాన్ని సవరించాక మొదటి తప్పుకు ఆరు నెలల వరకు జైలు, 10,000 రూపాయల జరిమానా విధించే వీలుంది. వాహనాన్ని స్వాధీనం చేసుకొనే అధికారమూ అధికారులకు ఉంది. అదే జరిగితే జరిమానా యజమానిదే అయినా, సామానుతో రోడ్డుపై నిలబడవలసింది ప్రయాణికులే.

అసలు ప్రమాదం బీమా వద్ద ఉంది. సొంత కారుకు తీసుకొనే బీమా పత్రంలోనే ఆ వాహనాన్ని బాడుగకు వాడరాదన్న షరతు ఉంటుంది. ప్రమాదం జరిగిన నాడు కారు బాడుగకు వెళుతోందని తేలితే బీమా సంస్థ పరిహారం బాధ్యతను తోసిపుచ్చేందుకు ప్రయత్నిస్తుంది. పర్మిట్‌ లేకుండా వాహనాన్ని రోడ్డుపై తిప్పడం బీమా షరతుల మౌలిక ఉల్లంఘనేనని 2018లో సుప్రీంకోర్టు ఒక కేసులో స్పష్టం చేసింది. ఆ కేసులో బాధిత కుటుంబానికి బీమా సంస్థ ముందుగా పరిహారం చెల్లించి, తరువాత యజమాని నుంచి రాబట్టుకోవాలని ఆదేశించింది. అయినా ఆ స్థితికి చేరేందుకు కింది కోర్టు నుంచి పైకోర్టు వరకు తిరగవలసి వచ్చింది. ఇంటి పెద్ద ఆసుపత్రిలో ఉన్న కుటుంబానికి అంత ఓపిక, అంత డబ్బు ఎక్కడివి? మిగిలిన మూడు వందలు ఆ నాడు అక్కరకు రావు.

డ్రైవరు లైసెన్సు విషయంలో మాత్రం ఒక అపోహ ఉంది. ట్యాక్సీ నడపడానికి ప్రత్యేక బ్యాడ్జి ఉండాలని చాలామంది అనుకొంటారు. 7,500 కిలోల లోపు బరువుండే తేలికపాటి వాహనాల లైసెన్సు ఉన్నవారు ఆ తరగతి రవాణా వాహనాలనూ నడపవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో తేల్చింది. కాబట్టి చూడవలసింది బ్యాడ్జి కాదు. కారుకు పర్మిట్‌, ఫిట్‌నెస్‌, బీమా అమల్లో ఉన్నాయా లేదా అన్నదే. ట్యాక్సీకి మొదటి ఎనిమిదేళ్లు రెండేళ్లకోసారి, ఆపై ఏటా ఫిట్‌నెస్‌ పరీక్ష జరగాలి. కేంద్ర ప్రభుత్వ ఎంపరివాహన్‌ యాప్‌లో కారు నంబరు కొడితే బీమా, ఫిట్‌నెస్‌ గడువు తేదీలు కనిపిస్తాయి. బయలుదేరే ముందురోజే నంబరు తెప్పించుకొని చూసుకొంటే రెండు నిమిషాల పని.

శ్రీపురం, తిరుత్తణి వంటి తమిళనాడు క్షేత్రాలను కలిపి చూసేవారు కారుకు అఖిల భారత టూరిస్టు పర్మిట్‌ ఉందో లేదో అడగాలి. అది ఉంటే రాష్ట్ర సరిహద్దు వద్ద విడిగా పన్ను కట్టనక్కరలేదు. లేకపోతే ఆ పన్ను ఎవరు భరిస్తారో ముందే తేల్చుకోవాలి.

ఏ కారు సరిపోతుంది?

చట్టం ప్రకారం డ్రైవరు కాక ఆరుగురి వరకు కూర్చునేది మోటారు క్యాబ్‌. ఆరుగురికి మించి పన్నెండు మంది వరకు అయితే మ్యాక్సీ క్యాబ్‌. పర్మిట్‌లో రాసిన సంఖ్యకు మించి ఎక్కించుకోరాదు. ‘పిల్లలే కదా, సర్దుకోండి’ అనే మాటకు తలూపడం మంచిది కాదు.

సీట్ల సంఖ్య చూసినవారు సామాను సంగతి మరచిపోతారు. గ్యాస్‌తో నడిచే కార్లలో డిక్కీలో సగం సిలిండరుకే పోతుంది. ఏడు సీట్ల కార్లలో వెనుక వరుస నింపితే పెద్ద పెట్టెకు చోటుండదు. మనుషులు ఎందరో చెప్పినట్లే పెట్టెలు ఎన్నో కూడా చెప్పాలి. చక్రాల కుర్చీ ఉంటే తప్పక తెలపాలి. వెనుక సీట్లోనివారు కూడా బెల్టు పెట్టుకోవడం తప్పనిసరి. కొన్ని కార్లలో సీటు కవర్ల కింద బెల్టులు కప్పి ఉంచుతారు. ఎక్కగానే వాటిని బయటకు తీయించాలి.

ఒక్కరో, ఇద్దరో తేలికపాటి సంచితో వచ్చేవారికి ప్రత్యేక కారే అక్కరలేదు. రేణిగుంట నుంచి తిరుపతి బస్టాండుకు చేరితే అక్కడి నుంచి కాణిపాకానికి ఆర్టీసీ బస్సులు ఉన్నాయి. చిత్తూరు మీదుగా కూడా రావచ్చు. చిత్తూరు నుంచి కాణిపాకం 12 కిలోమీటర్ల లోపే.

కారును మొత్తంగా మాట్లాడుకొన్నాక దారిలో మరొకరిని ఎక్కించుకొనే హక్కు డ్రైవరుకు లేదు. ఒప్పంద వాహనం అంటే చట్టంలో అర్థమే అది. రేణిగుంట కూడలి వద్ద ‘తెలిసినవాడు, చంద్రగిరిలో దిగిపోతాడు’ అని ఎవరినైనా ఎక్కించబోతే నిరాకరించవచ్చు.

అడ్వాన్సు పంపే ముందు..

ఫోన్‌లో వెతికి కనిపించిన నంబరుకు అడ్వాన్సు పంపి మోసపోయేవారు పెరుగుతున్నారు. వాహనం రాదు, ఫోను ఎత్తరు. మొత్తం బాడుగ ముందే పంపమన్నా, ‘ఈ లింకు నొక్కండి’ అన్నా, డబ్బు తిరిగి ఇవ్వడానికి పిన్‌ నంబరు కొట్టమన్నా అది మోసమేనని గ్రహించాలి. డబ్బు రావడానికి పిన్‌ ఎన్నడూ అవసరం లేదు. అడ్వాన్సు ఇవ్వక తప్పకపోతే కొద్ది మొత్తమే ఇచ్చి, కారు నంబరు, డ్రైవరు పేరు, ఒప్పుకొన్న మొత్తం, అందులో ఏమేమి కలిసి ఉన్నాయో సందేశం రూపంలో తెప్పించుకోవాలి. నోటిమాటకు ఆధారం ఉండదు, సందేశానికి ఉంటుంది. మోసపోయామని తెలిసిన వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి. ఎంత త్వరగా చేస్తే డబ్బును నిలుపుదల చేసే అవకాశం అంత ఎక్కువ.

విమానం నంబరు కూడా డ్రైవరుకు ఇవ్వాలి. ఆలస్యమైతే అతనికీ తెలుస్తుంది. ఎంతసేపటి వరకు ఉచితంగా ఆగుతాడు, ఆపై గంటకు ఎంత అన్నది ముందే అడగాలి. సాయంత్రం ఆలస్యంగా దిగేవారు అదే రాత్రి దర్శనం అవుతుందని నమ్ముకోరాదు. ఏకాంత సేవతో ఆలయం మూస్తారు కనుక రెండు గంటల ప్రయాణం కలుపుకొని లెక్క చూసుకోవాలి. ఏటా వినాయక చవితితో మొదలై 21 రోజులు సాగే బ్రహ్మోత్సవాల్లో కార్లకు గిరాకీ ఎక్కువ, గుడి దాకా వాహనాలను అనుమతించరు. దూరంగా దింపితే వృద్ధుల సంగతేమిటన్నది ముందే ఆలోచించుకోవాలి.

డ్రైవరు కూడా మనిషే

బాడుగ తగ్గించమని గట్టిగా బేరమాడేవారు ఒక విషయం ఆలోచించడం లేదు. తెల్లవారుజామున విమానానికి ఒకరిని దించి, పగలంతా మరొకరిని తిప్పి, రాత్రి మళ్లీ మన కోసం వచ్చిన డ్రైవరుకు నిద్ర ఎప్పుడు? రాత్రి ప్రయాణమైతే ‘ఈరోజు ఎన్ని గంటలకు బండెక్కావు బాబూ’ అని ఆప్యాయంగా అడగడంలో తప్పులేదు. కళ్లు మూతలు పడుతున్నట్లు కనిపిస్తే పూతలపట్టు వద్దో, చంద్రగిరి వద్దో ఆపించి టీ తాగించడం, అరగంట కునుకు తీయనివ్వడం మంచిది. కాణిపాకంలో రాత్రి బస చేస్తే డ్రైవరు ఎక్కడ పడుకొంటాడో కూడా చూడాలి. దోమల మధ్య కారులో పడుకొన్నవాడు మరునాడు మన ప్రాణాలను చేతిలో పెట్టుకొని నడపాలి. బత్తా ఇచ్చేది అందుకోసమే.

తేడా వస్తే ఏం చేయాలి?

దారిలో బెదిరించినా, చెప్పిన చోటు కాక మరోచోట దింపినా 112కు ఫోను చేయవచ్చు. జాతీయ రహదారిపై బండి ఆగిపోయినా, ప్రమాదం జరిగినా 1033, అంబులెన్సుకు 108. ఘటన ఏ జిల్లాలో జరిగిందన్న సందేహం అక్కరలేదు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం ప్రకారం నేరానికి సంబంధించిన ఫిర్యాదును పరిధితో నిమిత్తం లేకుండా ఏ పోలీసు స్టేషన్‌లోనైనా నమోదు చేయాలి. రేణిగుంటలో జరిగినదానిపై కాణిపాకం స్టేషన్‌లోనూ చెప్పవచ్చు.

ఒప్పుకొన్నదానికన్నా ఎక్కువ వసూలు చేస్తే, సేవలో లోపం జరిగితే జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. 2019 చట్టం ప్రకారం ఫిర్యాదుదారు తాను నివసించే ఊరిలోనే కేసు వేయవచ్చు. హైదరాబాదు యాత్రికుడు ఇందుకోసం చిత్తూరు రానక్కరలేదు. చెల్లించిన మొత్తం ఐదు లక్షల రూపాయల లోపు అయితే ఫీజు లేదు. కావలసిందల్లా రసీదు, సందేశాలు, మీటరు ఫొటోలు.

ఎక్కే ముందు ఎనిమిది ప్రశ్నలు

1. కారుది పసుపు బోర్డేనా? నంబరు ఎంత?
2. చెప్పిన మొత్తంలో టోలు, పార్కింగు, బత్తా కలిసి ఉన్నాయా?
3. కనీస కిలోమీటర్ల షరతు ఉందా?
4. దూరం ఎక్కడి నుంచి ఎక్కడి వరకు లెక్కిస్తారు?
5. రోజు అంటే 24 గంటలా, అర్ధరాత్రి వరకేనా?
6. విమానం ఆలస్యమైతే ఎంతసేపు ఆగుతారు?
7. మనుషులకు, పెట్టెలకు కలిపి చోటు సరిపోతుందా?
8. ప్రయాణం రద్దయితే అడ్వాన్సు తిరిగి ఇస్తారా?

ఈ ఎనిమిదింటికి జవాబులు సందేశం రూపంలో చేతికి వచ్చాకే కారు ఖాయం చేసుకోవాలి. 11వ శతాబ్దంలో కుళోత్తుంగ చోళుని కాలంలో వెలసినట్లు చెప్పే ఈ ఆలయానికి నేటికీ మాట తప్పమని ప్రమాణం చేయడానికి ఎందరో వస్తుంటారు. కారు బాడుగకు అంత పెద్ద ప్రమాణం అక్కరలేదు. బయలుదేరే ముందు ఐదు నిమిషాలు విప్పి మాట్లాడుకొంటే యాత్రికుడు ప్రశాంతంగా దర్శనం చేసుకొంటాడు, డ్రైవరు న్యాయమైన కూలితో ఇల్లు చేరతాడు.